పాటకు ముందు నాలుగు సెకన్లు

ఒకే పాటను డెబ్బై రెండు మంది పాడగా వినాలి, ఎవరెలా పాడారో మార్కులు వేయాలి. స్టెల్లా ఉద్యోగం అదే. ఇంకా చేరకముందు, పాటలు వినే ఉద్యోగమట అని చందానగర్ చర్చిలో చెప్పినప్పుడు ఆడవాళ్ళెవరూ నమ్మలేదు. కూర్చుని పాటలు వింటే జీతమిచ్చే పుణ్యాత్ములెవరో మాకూ చూపించమ్మా అని ఆటపట్టించారు. పదేళ్ళుగా క్వయర్లో పాడుతున్న మనిషి కదా, స్టెల్లా కూడా మొదటి వారం అలాగే మురిసిపోయింది. రెండో వారానికి గానీ తెలిసిరాలేదు, చెవులు కూడా పుండవుతాయని.

ఆఫీసు హైటెక్ సిటీలో ఒక అద్దాల మేడ తొమ్మిదో అంతస్తులో ఉంది. మేడంతా అద్దాలే గానీ స్టెల్లా కూర్చునే గదికి మాత్రం కిటికీ అన్నది లేదు. లోపలికి వెళ్ళేముందు ఫోను, వాచీ, పెన్ను, ఆఖరికి హ్యాండ్‌బ్యాగులో నలిగిన మందుల చీటీ కూడా లాకర్లో పెట్టి వెళ్ళాలి. తలుపు దగ్గర ఒకావిడ ఒళ్ళంతా తడిమి చూస్తుంది. కార్డు చూపిస్తే తలుపు తెరుచుకుంటుంది, రోజుకు నాలుగుసార్లే. ఐదోసారి బాత్రూముకు వెళ్ళాలన్నా వాళ్ళ పని చూసే టీమ్ లీడు రవికిరణ్ వచ్చి తెరవాలి. గదిలో జరిగే పని గురించి ఇంట్లోవాళ్ళకు కూడా చెప్పనని చేరినరోజే సంతకం పెట్టించుకున్నారు. పాట పేరు కూడా ఆ సంతకం కిందికే వస్తుందట.

పాట ఇటలీ భాషలోని ఒక ఒపేరాది. ఒపేరా అంటే మన పద్యనాటకంలాంటిదే, కథంతా పాడుతూనే నడుస్తుంది. అందులో చెరసాలలో ఉన్న ఒక రాణి, తెల్లారితే తనకు ఉరి అని తెలిసి, మూసిన తలుపు వంక చూస్తూ పాడే పాట ఇది. గొంతు మీద నమ్మకమున్న ప్రతి గాయనీ ఎప్పుడో ఒకప్పుడు దీనిమీద పడుతుంది. నాలుగున్నర నిమిషాలు. చివరి అర నిమిషంలో గొంతు పైకెక్కి, అక్కడే నిలబడి, కిందికి దిగకుండానే ఆగిపోవాలి. తలుపు తెరుచుకుందో లేదో పాటలో లేదు. ఏ గొంతు బాగుందో ఏది బాగాలేదో కంప్యూటర్‌కు నేర్పడానికి ఎక్కడో దూరదేశపు కంపెనీ వాళ్ళు ఈ పాటనే ఎంచుకున్నారు. పాడినవాళ్ళ పేర్లుండవు, నంబర్లే. ఒక్కో నంబరునూ మూడుసార్లకు మించి వినడానికి లేదు. నాలుగోసారి నొక్కితే మీట పనిచేయదు.

స్టెల్లాకు నంబర్లన్నీ మనుషులైపోయారు. నాలుగో నంబరావిడది ఇత్తడి బిందెలాంటి గొంతు, గది నిండిపోతుంది గానీ ఆ రాణికి ఉరి అన్న సంగతి ఆవిడకెవరూ చెప్పినట్టు లేదు. పదకొండో నంబరు సన్నటి గొంతు, పైస్థాయికి వెళ్ళేముందు మెట్టు దగ్గర ఆగి చీర కుచ్చిళ్ళు సర్దుకుంటుంది. పంతొమ్మిది మొదటి మాట నుంచీ ఏడుపే, వినేవాళ్ళకు ఏడవడానికి ఏమీ మిగల్చదు. ముప్పై మూడు మాటలన్నీ మింగేస్తుంది. ఎనిమిదో నంబరుకు మాత్రం స్టెల్లాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆవిడ గొంతు ముసలిది, చివరి స్వరం అందలేదు కూడా. అందకపోయినా చెయ్యి చాచడం మానలేదు. స్టెల్లా అయిదుకు అయిదు వేసింది.

అక్కడే వచ్చింది తంటా. ఒక్కో పాటకు ముగ్గురు మార్కులు వేస్తారు. స్టెల్లా కాక ఒకరు సాయిచంద్, భీమవరం కుర్రాడు, పెళ్ళిళ్ళలో కీబోర్డు వాయించేవాడు. ఇంకొకరు కావ్య, కొండాపూర్‌లో పిల్లలకు సంగీతం చెబుతుంది. ముగ్గురూ ఒకరితో ఒకరు మాట్లాడుకోకూడదు గానీ ముగ్గురి మార్కులూ కలవాలి. ఎవరి మార్కులు మిగతా ఇద్దరితో నూటికి ఎనభైసార్లయినా కలవవో వాళ్ళు బయటికి. ఎనిమిదో నంబరుకు ఆ ఇద్దరూ రెండేసి మార్కులు వేశారు. రవికిరణ్ పిలిపించాడు. మంచివాడే పాపం, కాకినాడ మర్యాద, కుర్చీ వేసి మంచినీళ్ళిచ్చి మరీ చెప్పాడు.

"మీకు నచ్చిందా లేదా అని కాదండి స్టెల్లా గారూ. ఆ ఇద్దరికీ ఎంత నచ్చుంటుందా అని వినండి."

ఆరోజు నుంచి స్టెల్లా తన చెవులతో వినడం మానేసింది. పాట మొదలవగానే దీనికి సాయిచంద్ ఎంత వేస్తాడు, కావ్య ఎంత వేస్తుంది అని లెక్కవేసుకుని, ఆ రెంటికీ మధ్యలో ఒక అంకె వేసేది. ఆ ఇద్దరూ కూడా అదే చేస్తున్నారని ఆమెకు గట్టి అనుమానం. అంటే ఆ గదిలో ముగ్గురు మనుషులు చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఎవరూ పాట వినకుండా, రోజుకు ఎనిమిది గంటలు పాటలకు మార్కులు వేస్తున్నారన్నమాట. నవ్వొచ్చేదే గానీ, లోపల కూర్చున్నప్పుడు నవ్వు రాలేదు. కళ్ళు మూసుకుంటే రాణి గది, తెరిస్తే ఈ గది. మానేద్దామంటే ముప్పై ఆరేళ్ళ వయసులో క్వయర్ పాటలు తప్ప ఇంకే విద్యా రాని మనిషికి ఇంకో ఉద్యోగం ఎవరిస్తారు? ఇంట్లో అమ్మా తనే. అమ్మకు నెలనెలా మందులు తప్పవు.

బుధవారం మధ్యాహ్నం ఇరవై ఏడో నంబరు వచ్చింది. తెర మీద ఆ నంబరు పక్కన రెండే ముక్కలున్నాయి: పాత టేపు, 1979.

ముందు టేపు సుయ్‌మంటూ మోగింది. ఎక్కడో కుర్చీ జరిపిన చప్పుడు. తర్వాత మైకుకు బాగా దగ్గరగా, రహస్యం చెబుతున్నట్టు, ఒక ఆడగొంతు.

"ప్రభువా, నువ్వే తోడు."

అది అమ్మ గొంతు.

అనుమానం లేదు, సందేహం లేదు. ఆ మాట వింటూ పెరిగింది స్టెల్లా. ఆమె తల్లి మరియమ్మ ముప్పై మూడేళ్ళు నర్సుగా చేసింది. సూది గుచ్చేముందు ఆ మాట, స్టవ్ వెలిగించేముందు ఆ మాట, రైలెక్కేముందు, కూతురికి జడవేసి బడికి పంపేముందు ఆ మాటే. 'తోడు' అన్నప్పుడు 'తో' దగ్గర గొంతు కొంచెం వంగేది, బరువు దించుకున్నట్టు. ఎనిమిదేళ్ళయింది ఆ గొంతు విని.

ఎనిమిదేళ్ళ కిందట మరియమ్మ మెడలో గడ్డ తీశారు. గడ్డ గొంతు నరానికి అతుక్కుని ఉందనీ, తీస్తే మాట పోవచ్చు, తీయకపోతే మనిషే పోవచ్చు అనీ డాక్టర్లు ముందే చెప్పారు. మరియమ్మ వద్దంది. పట్టుబట్టి చేయించింది స్టెల్లానే. మనిషి దక్కింది, గొంతు పోయింది. ఇప్పుడామె మాట్లాడితే గాలి వస్తుంది, పెదవులు చూస్తే గానీ అర్థం కాదు. కూతుర్ని పిలవాలంటే స్టీలు గ్లాసు మీద చెంచాతో కొడుతుంది. పోనీ పాత గొంతయినా ఎక్కడైనా దాచారా అంటే, ఒక్క ముక్క లేదు. పెళ్ళి వీడియోల్లో మాటల మీద సినిమా పాటలు పోశారు. స్టెల్లా పాత ఫోను నీళ్ళలో పడింది. ఫోను తీస్తే చాలు నోటికి కొంగు అడ్డం పెట్టుకునేది మరియమ్మ.

ఇప్పుడు ఈ టేపు. మాట అయింది, పియానో మొదలైంది, ఆపైన పాట ఎత్తుకుంది.

ఎనిమిదో నంబరు తర్వాత ఆమె తన చెవులతో విన్న మొదటి పాట అది. ఆ గొంతుకు ఇటలీ మాటలు పలకడం రాదు, మెదక్ వైపు మాట పలికినట్టే పలుకుతోంది. భయంతో కొంచెం తొందరపడుతోంది. కానీ రెండో వరుసలో, డెబ్బై రెండు మందిలో మిగతా అందరూ ఊపిరి తీసుకునే చోట, ఆమె తీసుకోలేదు. తీసుకుంటే తలుపు మూసుకుపోతుందేమో అన్నట్టు ఒకే ఊపిరిలో దాటేసింది. చివరి స్వరం ఎక్కాక అక్కడ నిలబడిన తీరు చూస్తే, ఉరి రాణికి కాదు, తలుపుకే అనిపించింది.

ఈ పాట వరస స్టెల్లాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. యూనిఫారం ఇస్త్రీ చేసుకుంటూ అమ్మ కూనిరాగం తీసేది. ఏందమ్మా ఆ పాట అంటే, ట్రైనింగులో ఉన్నప్పుడు మిషన్ దవాఖానలో మిస్సమ్మ నేర్పిందని చెప్పేది. అంతకుమించి స్టెల్లా అడగలేదు. ఉద్యోగంలో చేరిన రోజున ఇది ఆ పాటే అని గుర్తుపట్టింది గానీ, సంతకం పెట్టింది కనుక అమ్మకు చెప్పలేదు. ఇప్పుడు ఆ పాట పాడింది అమ్మే అని తేలింది. ప్రార్థన చేసింది, పాట ఎత్తుకుంది. ఇంకేం కావాలి?

పాట అవగానే తెర మీద ఎప్పుడూ వచ్చే ప్రశ్నే వచ్చింది: ఈ గొంతు మీకు తెలుసా? తెలుసు అంటే ఆమె మార్కులు కొట్టేస్తారు, మిగతా ఇద్దరివే లెక్క. స్టెల్లా 'తెలియదు' అని నొక్కింది. నొక్కాక ప్రభువు గుర్తొచ్చి నాలుక కరుచుకుంది.

అయిదు మార్కులు వేసింది. ఆ వెంటనే మిగతా ఇద్దరి మార్కులూ కనబడ్డాయి. రెండూ 'తిరస్కరణ'. కారణం కూడా ఇద్దరూ ఒకటే రాశారు: పాటకు ముందు మాట ఉంది. రూలు పుస్తకంలో ఆ రూలు ఉన్నమాట నిజమే. ఇద్దరూ ఆ మొదటి మాట విని అక్కడితో ఆపేసి ఉంటారు. పాట దాకా ఎవరూ వెళ్ళలేదు.

టీ దగ్గర రవికిరణ్ కనబడితే, ఏమీ ఎరగనట్టు అడిగింది, తిరస్కరించినవి ఎక్కడికి పోతాయండీ అని.

"ఎక్కడికీ పోవండి. శుక్రవారం అయిదింటికి సిస్టం తీసేస్తుంది. ఆ తర్వాత ఉండవు."

పాత టేపులు అమ్మినవాళ్ళ దగ్గరైనా ఉంటాయిగా అంది. ఏవో మిషన్ దవాఖానల దగ్గర కంపెనీ కొన్నప్పుడే అవి పాడైపోయి ఉన్నాయట, ఒకసారి కంప్యూటర్‌లోకి ఎక్కించుకుని పారేశారట. రవికిరణ్ అటుకుల మిక్చరు నములుతూ చెప్పాడు ఈ సంగతి.

గురువారమంతా స్టెల్లా కాలుగాలిన పిల్లిలా తిరిగింది, తిరగడానికి చోటు లేక కుర్చీలోనే తిరిగింది. ఫోను లోపలికి తేవాలంటే తలుపు దగ్గర ఆవిడ ఉంది. పోయిన నెలలో ఒకమ్మాయి పెన్‌డ్రైవు జడలో పెట్టుకొచ్చిందని పోలీసుల్ని పిలిచారు. రవికిరణ్‌కు నిజం చెబుదామా అంటే, తెలిసిన గొంతును తెలియదన్నందుకు ముందు తనను పంపేస్తారు, ఆ తర్వాత రూలు ప్రకారం టేపునూ పంపేస్తారు. ఎటు చూసినా గోడే. అమ్మ గొంతు ఇరవై అడుగుల గదిలో ఉంది, తనూ అదే గదిలో ఉంది, ఇద్దరూ కలిసి బయటికి వెళ్ళే దారి లేదు. నిజంగానే అమ్మేనా అని మళ్ళీ ఒకసారి వింది. అమ్మే. రెండుసార్లయిపోయాయి. ఇంక ఒక్కసారి మిగిలింది.

ఇంటికెళ్ళాక అన్నం సయించలేదు. మరియమ్మ చెంచాతో గ్లాసు మీద కొట్టి, ఏమైందని చెయ్యి తిప్పింది. తలనొప్పి అంది స్టెల్లా. మరియమ్మ జండూబామ్ తెచ్చి కణతలకు రాస్తూ పెదవులు కదిపింది. ఆ మాటే అయుంటుంది. గాలి తప్ప ఏమీ వినబడలేదు.

శుక్రవారం పొద్దున రూలు పుస్తకం నలభయ్యో పేజీలో దారి దొరికింది. పాటకు ముందో వెనకో చప్పుడుంటే, మార్కులు వేసేవాళ్ళే ఆ ముక్క కత్తిరించి 'శుభ్రం' చేయవచ్చు. శుభ్రం చేసిన పాట కొత్తదానిలాగా మళ్ళీ ముగ్గురి ముందుకూ వస్తుంది, వినే లెక్క మాత్రం పాతదే. కత్తిరించాక మొత్తం ఒకసారి విని సరిచూడటం తప్పనిసరి. ఆ ఒక్కసారి ఆమె దగ్గర ఉంది. స్టెల్లాకు ప్రాణం లేచొచ్చింది.

ఇరవై ఏడో నంబరును తెరిచింది. తెర మీద గొంతు బొమ్మగా కనబడుతుంది. ముందొక చిన్న గుట్ట, అది మాట. కొంచెం నేల. తర్వాత పెద్ద పెద్ద కొండలు, అది పాట. గుట్టకూ కొండలకూ మధ్య గీత పెట్టింది. నాలుగు సెకన్లు. తెర అడిగింది: తొలగించిన భాగం తిరిగి రాదు, సరేనా?

చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఆ మాటతోనే కదా అమ్మను గుర్తుపట్టింది. కానీ ఆ మాటే అమ్మను చంపుతోంది కూడా. నాలుగు సెకన్లు వదులుకుంటే నాలుగున్నర నిమిషాల అమ్మ దక్కుతుంది, ఇందులో ఆలోచించడానికేముంది అనుకుంది. సరే నొక్కింది. గుట్ట మాయమైంది.

తర్వాత మూడోసారి, ఆఖరిసారి, వింది. ఈసారి చెవులతో వినలేదు, ఒళ్ళంతా పెట్టి వింది. ఎక్కడ తొందరపడింది, ఎక్కడ ఊపిరి బిగబట్టింది, ఏ మాట పలకలేక జారింది, చివరి స్వరం ఎక్కేముందు ఎంతసేపు ఆగింది, అంతా కంఠతా పట్టింది. ఆ గదిలోంచి బయటికి తీసుకుపోనిచ్చేది ఒక్క తలకాయనే. దాన్నెవరూ తడిమి చూడరు.

నాలుగున్నర అవుతుండగా కావ్య హెడ్‌ఫోన్లు తీసి బల్లమీద పెట్టి, చున్నీతో కళ్ళు తుడుచుకుంది. అయిదు వేసింది. ఇంకో పది నిమిషాలకు సాయిచంద్ కూడా అయిదే. ముగ్గురూ అయిదుకు అయిదు వేయడం ఆ నెలలో అదే మొదలు. అయిదింటికి సిస్టం వచ్చి పదిహేను నంబర్లను తుడిచిపెట్టుకుపోయింది, ఇరవై ఏడు నిలబడింది. రవికిరణ్ వచ్చి, ఎంత చక్కగా శుభ్రం చేశారండీ అని మెచ్చుకున్నాడు. కత్తిరించిన ముక్క మళ్ళీ ఎప్పుడైనా దొరుకుతుందాండీ అని మాటవరసకు అడిగింది స్టెల్లా. దేనికండీ అన్నాడతను. ఊరికేనండి అంది.

లాకర్లోంచి ఫోను తీసుకుని హైటెక్ సిటీ స్టేషన్‌కు పరుగులాంటి నడక. ఎంఎంటీఎస్‌లో ఆడవాళ్ళ పెట్టెలో తలుపు పక్కన నిలబడి, నోరు మెదపకుండా లోపలే పాడుకుంటూ వచ్చింది. పక్కనెవరో కూరగాయల రేట్ల గురించి మాట్లాడుతుంటే చెవులు మూసుకుంది, ఎక్కడ ఒలికిపోతుందోనని. చందానగర్‌లో దిగేసరికి రెండుసార్లు మొత్తం అయింది. ఒక్క ఊపిరి కూడా తప్పిపోలేదు.

ఇంటికొచ్చేసరికి మరియమ్మ నేలమీద కూర్చుని మెంతికూర ఒలుస్తోంది. స్టెల్లా చెప్పులు విడిచి, ఎదురుగా కూర్చుని, తల్లి రెండు చేతులూ పట్టుకుంది. సంతకం సంగతి ఏట్లో కలిసింది. అమ్మా, మిస్సమ్మ నేర్పిన పాట దొరికింది, టేపు దొరికింది, నేను విన్నాను, ఇదిగో ఎలా ఉందో పాడి వినిపిస్తా అని గబగబా చెప్పేసింది.

స్టెల్లా పాడింది. తనలా పాడలేదు, ఇరవై ఏడో నంబరులా పాడింది. ఆ తొందరా, ఆ పలుకూ, రెండో వరుసలో తీసుకోని ఆ ఊపిరీ. చివరి స్వరం ఎక్కేముందు ఆ టేపులో ఎంతసేపు ఆగిందో అంతసేపు ఆగింది. ఎదురింటివాళ్ళు కిటికీలోంచి చూశారు, చూడనీ అనుకుంది. పాట అయ్యేసరికి మరియమ్మ కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారి మెంతాకు మీద పడుతున్నాయి. పెదవులు కదిలాయి. స్టెల్లా దగ్గరకు జరిగి, ఆ గాలిలోంచి మాటలు ఏరుకుంది.

"అచ్చం బుచ్చమ్మనే, బిడ్డా. బుచ్చమ్మ గిట్లనే పాడుతుండె."

బుచ్చమ్మ ఎవరమ్మా అంది స్టెల్లా.

మరియమ్మ ఆగి ఆగి, మధ్యమధ్య చేతులతో చూపిస్తూ చెప్పింది. మిస్సమ్మ ఆ పాట ఇద్దరికి నేర్పిందట, మరియమ్మకూ బుచ్చమ్మకూ. దవాఖాన పండగనాడు ఎవరు పాడాలన్నది తేల్చడానికి ఇద్దరినీ వార్డులో తెర వెనక నిలబెట్టి ఒకరి తర్వాత ఒకరిని పాడించిందట. ఇవతల మంచాలమీద ఉన్న రోగులు విని, రెండోసారి పాడినామెకు చేతులెత్తారట. ఆమె బుచ్చమ్మ. "నాది గూడ మంచి గొంతే గని, దానిది వేరే" అంది మరియమ్మ, ఇన్నేళ్ళ తర్వాత కూడా కొంచెం ఉడుక్కుంటూ. తీరా పండగరోజున, టేపు పెట్టిన మైకు ముందుకు రాగానే బుచ్చమ్మకు భయం పట్టుకుందట. ఒక్కదాన్నే నిలబడలేనని ఏడుపందుకుందట. మరియమ్మ వెళ్ళి పక్కన నిలబడి, పాట అయిందాకా ఆమె చెయ్యి వదల్లేదట. మరుసటేడే పచ్చకామెర్లతో పోయింది బుచ్చమ్మ. ఆమె పాట మళ్ళీ వింటానని కలలో కూడా అనుకోలేదంది మరియమ్మ. కూతురి బుగ్గలు రెండు చేతులతో పట్టుకుని ముద్దు పెట్టుకుంది.

అయితే పాడింది అమ్మ కాదు. తెలియదు అని నొక్కింది కదా, ఆ గొంతు నిజంగానే ఆమెకు తెలియదు.

అప్పుడు మరియమ్మకు ఏదో గుర్తొచ్చింది. ముఖం ఒక్కసారి విప్పారింది, చిన్నపిల్ల ముఖంలాగా. కూతురి చెవి దగ్గర పెదవులు పెట్టి అడిగింది.

"పాటకు ముంగట నేను ప్రార్థన చేసిన. మైకు పక్కనే ఉంటి. అది గూడ పడ్డదా అండ్ల? నా గొంతు ఉన్నదా, బిడ్డా?"

నాలుగు సెకన్లు. ఆ టేపులో అమ్మ ఉన్నది ఆ నాలుగు సెకన్లే. గీత పెట్టింది తను, సరే అన్నది తను. ఆపరేషన్‌కు పట్టుబట్టింది ఒకసారి, ఇది రెండోసారి. అమ్మ ఇంకా అలాగే చూస్తోంది.

"ఉంది" అంది స్టెల్లా.

ఎట్లుండె, అని పెదవులతో అడిగింది మరియమ్మ. కళ్ళు మూసుకుని వినడానికి సిద్ధమైంది.

స్టెల్లా గొంతు సవరించుకుంది. డెబ్బై రెండు మందిని విన్న చెవులు, ఇందాక బుచ్చమ్మను ఊపిరితో సహా మోసుకొచ్చిన గొంతు. దేవుణ్ణి తలచుకుని, 'తో' దగ్గర కొంచెం వంచి, రహస్యంగా అంది.

"ప్రభువా, నువ్వే తోడు."

మరియమ్మ కళ్ళు తెరవలేదు. అవును, గట్లనే ఉంటుండె, అన్నట్టు తలాడించింది. ఒక వేలు ఎత్తి చూపించింది, ఇంకోసారి అని. స్టెల్లా ఇంకోసారి అంది. మరియమ్మ ఒళ్ళో చేతులు పెట్టుకుని, తన గొంతు తాను వింటూ, తృప్తిగా నవ్వింది. మళ్ళీ వేలెత్తింది.

మూడోసారికి స్టెల్లా నోట్లోంచి గాలి తప్ప ఏమీ రాలేదు.